పదేళ్ల నాటి లాప్‌టాప్‌లో విండోస్‌కు తోడుగా లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ: రివ్యూ

మూడో తరం లేదా నాలుగో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2012 నుంచి 2015 దాకా ఇంజనీరింగ్ పిల్లల కోసం కొన్న లాప్‌టాప్‌ల్లో ఇలాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. కీబోర్డు, తెర ఇంకా బాగానే ఉంటాయి, చిక్కంతా సాఫ్ట్‌వేర్‌తోనే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవారికి పొడిగించిన గడువు కూడా 2026 అక్టోబరు 13 వరకే. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఈ మెషీన్లకు ఆ దారి మూసుకుపోయినట్టే.

అలాగని విండోస్‌ను తుడిచేయడం తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా డీటీపీ సెంటర్లలో, అంత తేలిక కాదు. ఎందుకో కింద చెప్తాం. అందుకే విండోస్‌ను ఉన్నచోటే ఉంచి, పక్కన లినక్స్ మింట్ (విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) 22 వరుసలోని ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసుకోవడం ఎలా ఉంటుందన్నదే ఈ రివ్యూ. తీర్పు ముందే చెప్పేస్తాం. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉంటే నిస్సంకోచంగా వేసుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్ మీదైతే విండోస్ 10 కంటే మెరుగే, కానీ హాయిగా ఉండదు. మింట్ ఇన్‌స్టాలర్ నిజంగా బాగుంది. ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు ఇన్‌స్టాలర్ దాకా వెళ్లకముందే, విండోస్ వైపు పని సరిగా చేయకపోవడం వల్లే వస్తాయి.

ఎక్స్‌ఎఫ్‌సీఈనే ఎందుకు

మింట్ మూడు రకాలుగా దొరుకుతుంది: సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. కింద ఉండే సరుకు మూడింటికీ ఒకటే, ఉబుంటు 24.04 అనే మరో లినక్స్. అప్‌డేట్లు 2029 ఏప్రిల్ వరకు వస్తాయి. తేడా అంతా డెస్క్‌టాప్‌లోనే, అంటే తెర మీద మెనూలు, కిటికీలు కనిపించే తీరులోనే. అన్నిటికంటే అందమైనది సినమన్, కానీ 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ తెరవకముందే అది ఎక్కువ చోటు తినేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఊరికే ఉన్నప్పుడు 1 జీబీ లోపే సర్దుకుంటుంది. 8 జీబీ ఉన్నవాళ్లు సినమన్ వేసుకున్నా ఇబ్బంది లేదు.

మింట్ అధికారికంగా అడిగేది కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. 2 జీబీతో మింట్ లేస్తుంది కానీ ఈరోజుల్లో వెబ్‌సైట్లు లేవవు. 4 జీబీని కనీసంగా లెక్కపెట్టుకోండి. ప్రాసెసర్ 64 బిట్‌దై ఉండాలి. 32 బిట్‌కే పరిమితమైన తొలినాళ్ల యాటమ్ నెట్‌బుక్‌లకు ఇది ఎక్కదు.

ర్యామ్ పెంచుకోవాలనుకుంటే ఒక మాట. నాలుగో తరం ఇంటెల్ లాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. ర్యామ్ ముక్క మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. మామూలు 1.5 వోల్టుల డీడీఆర్3 పెడితే చాలావాటిలో తెరే వెలగదు. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆ ఎల్ అక్షరం చూసి తీసుకోండి.

డౌన్‌లోడ్‌కు ముందు రెండు కిటికీలు తెరిచి చూడాలి

మొదటిది విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్. అందులో బయోస్ (ఆన్ చేయగానే మెషీన్‌ను లేపే లోపలి సాఫ్ట్‌వేర్) మోడ్ అన్న వరుస ఉంటుంది. ఎదురుగా లెగసీ (పాత పద్ధతి) అని ఉందా, యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉందా రాసిపెట్టుకోండి. విండోస్ ఏ మోడ్‌లో ఉందో మింట్‌ను కూడా అదే మోడ్‌లో ఎక్కించాలి. ఒకటి లెగసీలో, ఇంకొకటి యూఈఎఫ్ఐలో పడితే రెండూ విడివిడిగా బాగానే లేస్తాయి గానీ, మింట్ మెనూలోంచి విండోస్‌కు వెళ్లడం కుదరదు. ప్రతిసారీ బయోస్‌లోకి వెళ్లి మార్చుకోవాలి.

రెండోది డిస్క్ మేనేజ్‌మెంట్. 2012 నాటి మెషీన్లలో అసలు చిక్కు ఇక్కడే. విండోస్ 7తో వచ్చిన లాప్‌టాప్‌ల డిస్కులు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో పార్టిషన్ల (డిస్క్‌ను విడగొట్టిన భాగాల) పట్టికకు నాలుగే గడులు. ఆనాటి చాలా హెచ్‌పీ లాప్‌టాప్‌ల్లో ఆ నాలుగూ ఫ్యాక్టరీలోనే నిండిపోయాయి: సిస్టమ్, సి డ్రైవ్, రికవరీ, చివర్లో 100 ఎంబీ ఉండే హెచ్‌పీ టూల్స్. మీరు సి డ్రైవ్‌ను కుదించి 60 జీబీ ఖాళీ చేసినా, ఆ ఖాళీకి పట్టికలో పేరు రాయడానికి గడి ఉండదు. మింట్ ఇన్‌స్టాలర్ ఆ చోటును వాడుకోలేనిదిగా చూపిస్తుంది. చోటు కళ్లముందే ఉన్నా ముట్టుకోనివ్వదు.

ఇక్కడ తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. ఆ ఖాళీ మీద కుడి క్లిక్ చేసి విండోస్‌లోనే కొత్త పార్టిషన్ చేయబోతే, ఈ డిస్క్‌ను డైనమిక్‌గా మారుస్తాను, సరేనా అని విండోస్ అడుగుతుంది. సరే అనకండి. డైనమిక్ డిస్క్‌లో మింట్ ఇన్‌స్టాలర్‌కు పని ఉండదు. వెనక్కి మార్చాలంటే మామూలు పద్ధతిలో మొత్తం తుడవాల్సిందే.

సరైన దారి ఒక గడిని ఖాళీ చేయడం. హెచ్‌పీ టూల్స్‌లో ఉండేవి హార్డ్‌వేర్ పరీక్షల ఫైళ్లు. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఆ పార్టిషన్‌ను తీసేయవచ్చు. తీసింది డిస్క్ చివర ఉన్నా, మీ ఖాళీ మధ్యలో ఉన్నా ఫరవాలేదు. కావలసింది గడి మాత్రమే. మింట్ ఇన్‌స్టాలర్‌లో ఆ గడిని ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌కు వాడి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు ఎన్నైనా చేసుకోవచ్చు. లినక్స్ లాజికల్ పార్టిషన్ నుంచి ఏ ఇబ్బందీ లేకుండా లేస్తుంది.

విండోస్ 8, ఆ తర్వాతి వాటితో వచ్చిన మెషీన్లు సాధారణంగా జీపీటీ అనే కొత్త పద్ధతివి. వాటికి ఈ గొడవ లేదు.

ఇంకో పరీక్ష కూడా చేసేయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే హార్డ్ డిస్క్ ఆరోగ్యం తెలుస్తుంది. పసుపు రంగులో హెచ్చరిక చూపించినా, రీఅలొకేటెడ్ లేదా పెండింగ్ సెక్టార్ల (పాడైన, పాడవుతున్న ముక్కల) లెక్క సున్నా కాకపోయినా, ఆ డిస్క్ మీద పార్టిషన్లు కదపడం ప్రమాదం. ముందు ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు బయటకు తీసుకుని డిస్క్ మార్చండి.

విండోస్‌ను సిద్ధం చేయడం

బ్యాకప్ తీసుకున్నాక మొదట ఆపాల్సింది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది. డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందని గుర్తు పెట్టి వెళ్తుంది. అప్పుడు మింట్ ఆ డ్రైవ్‌ను చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. "డి డ్రైవ్‌లో ఫైల్ సేవ్ కావడం లేదు" అన్న ఫిర్యాదుకు దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ. అక్కడ ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్‌లను మార్చే లింక్ నొక్కితేనే ఆ టిక్ తీయడానికి వీలవుతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత అది మళ్లీ ఆన్ కావచ్చు, ఒకసారి చూసుకోండి.

బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ బయట రాసుకుని, దాన్ని ఆపాకే ముందుకు వెళ్లాలి. పాత మెషీన్లలో ఇది అరుదు.

తర్వాత సి డ్రైవ్‌ను కుదించాలి. ఈ పని మింట్‌తో కాకుండా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయించండి, తన డ్రైవ్ సంగతి దానికే బాగా తెలుసు. 300 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ వాల్యూమ్ 4 జీబీయే ఇస్తానంటే కంగారు పడకండి. కదపడానికి వీల్లేని ఫైళ్లు డ్రైవ్ మధ్యలో అడ్డంగా కూర్చున్నాయన్నమాట. అవి సాధారణంగా మూడు: హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడేది), రీస్టోర్ పాయింట్లు. హైబర్నేషన్ ఆపి, పేజ్ ఫైల్‌ను తాత్కాలికంగా తీసేసి, సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలాసార్లు చోటు దొరుకుతుంది. కుదించాక పేజ్ ఫైల్‌ను తప్పకుండా తిరిగి పెట్టండి. 4 జీబీ మెషీన్‌లో అది లేకపోతే విండోస్ ఊపిరాడక ఆగిపోతుంది.

ఎంత చోటు? 40 జీబీతో నెట్టుకురావచ్చు, 60 అయితే నిశ్చింత. ఖాళీ చేసిన చోటును అలాగే అన్ఎలొకేటెడ్‌గా వదిలేయండి. విండోస్‌లో ఫార్మాట్ చేయొద్దు.

డబ్బు పెట్టగలిగితే రెండో డిస్క్

పై తలనొప్పులన్నీ ఒక్క దెబ్బతో పోయే మార్గం 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ. 2.5 అంగుళాలది, 7 మిల్లీమీటర్ల మందం. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లది అయితే ఎస్‌ఎస్‌డీ వదులుగా ఆడుతుంది, దాంతో వచ్చే ప్లాస్టిక్ చట్రం అతికిస్తే సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీని అసలు చోట బిగించి, పాత హార్డ్ డిస్క్‌ను డీవీడీ డ్రైవ్ తీసేసిన చోట క్యాడీలో (డిస్క్‌ను పట్టే చట్రంలో) పెట్టాలి. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లు రెండు మందాల్లో వస్తాయి. కొనేముందు మీ డీవీడీ డ్రైవ్‌ను బయటకు లాగి స్కేలుతో కొలవండి. కొన్ని లాప్‌టాప్‌ల్లో డీవీడీ వైపు సాటా వేగం తక్కువ, ఎస్‌ఎస్‌డీని అక్కడ పెడితే దాని వేగం వృథా అవుతుంది. క్యాడీలోని డిస్క్ నుంచి కూడా మెషీన్ బూట్ కాగలదా అన్నది బయోస్ బూట్ జాబితాలో ముందే చూసుకోవాలి, ఎందుకంటే విండోస్ ఉండేది అక్కడే.

ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. యూఈఎఫ్ఐ మెషీన్లలో మింట్ ఇన్‌స్టాలర్‌కు పాత జబ్బు ఒకటుంది. బూట్ లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఎక్కడ వేయాలో మీరు ఏ డిస్క్ చూపించినా, మొదటి డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకే వేసేయవచ్చు. అందుకే మింట్ వేసేటప్పుడు విండోస్ డిస్క్‌ను పూర్తిగా బయటకు తీసేయండి. మింట్ ఎక్కి, ఒకసారి లేచాక దాన్ని క్యాడీలో పెట్టండి. రెండూ ఒకదానిమీద ఒకటి ఆధారపడకుండా ఉంటాయి. రేపు ఏది పాడైనా రెండోది లేస్తుంది.

పెన్‌డ్రైవ్, బూట్ మెనూ

మింట్ మొత్తం ఉండే ఐఎస్‌ఓ ఫైలు సుమారు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. డౌన్‌లోడ్ అయ్యాక షా256 (ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే సంఖ్య) సరిచూడటం చాలామంది ఎగ్గొట్టే పని. ఫైలు మధ్యలో దెబ్బతింటే ఇన్‌స్టాలేషన్ 80 శాతం దగ్గర ఆగిపోయి, తప్పు డిస్క్‌దా పెన్‌డ్రైవ్‌దా తెలియక తల ప్రాణం తోకకొస్తుంది. సెవెన్‌జిప్ ఉంటే ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే చాలు, ఆ సంఖ్య వస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో పోల్చండి.

ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్ రూఫస్. అందులో ఒక్క గడి మీద దృష్టి పెట్టండి: పార్టిషన్ స్కీమ్. మీ విండోస్ లెగసీ అయితే ఎంబీఆర్, యూఈఎఫ్ఐ అయితే జీపీటీ. ఆపైన ఐఎస్‌ఓ మోడ్, డీడీ మోడ్ అని అడుగుతుంది. ముందు ఐఎస్‌ఓ ఎంచుకోండి, లేవకపోతేనే డీడీ.

బూట్ మెనూ డెల్‌లో ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9. లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్12, చాలా ఐడియాప్యాడ్‌లలో పక్కనుండే చిన్న నోవో బటన్. ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పని చేయాలంటే ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. మీరు రాసిపెట్టుకున్న మోడ్ ప్రకారం ఎంచుకోండి. తర్వాత తెర నల్లగా ఉండిపోతే, పెన్‌డ్రైవ్ లేచినప్పుడు వచ్చే మింట్ సొంత మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఉంది.

మింట్ పెన్‌డ్రైవ్ నుంచే పూర్తిగా లేస్తుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే. ఇది ఊరికే చూసి పోయే చోటు కాదు. ఒక అరగంట ఇక్కడే గడపండి. వైఫై, శబ్దం, వెలుతురు తగ్గించే మీటలు, టచ్‌ప్యాడ్, కెమెరా, మూత మూసి తెరిస్తే మేలుకుంటుందా. ఇక్కడ పని చేసినవి ఇన్‌స్టాల్ చేశాకా పని చేస్తాయి. చేయనివి ఏవో ముందే తెలుస్తాయి.

ఇన్‌స్టాలేషన్

అంతా సవ్యంగా ఉంటే విండోస్ పక్కన వేయమంటారా అన్న ఎంపిక వస్తుంది. ఆ ఎంపిక కనిపించకపోతే డిస్క్ మొత్తం తుడిచే ఎంపికను మాత్రం నొక్కకండి. కారణాలు ఇవి: నాలుగు గడులూ నిండిపోవడం, పెన్‌డ్రైవ్ వేరే మోడ్‌లో లేవడం, విండోస్ సగం నిద్రలో ఉండటం, డైనమిక్ డిస్క్, లేదా బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో మెషీన్ మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐ కాకుండా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్‌లో ఉండటం. చివరిదైతే విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపాకే మామూలుగా లేపాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది.

చేత్తో పార్టిషన్ చేయాలనుకునేవారు 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకుని, ఖాళీ చోటులో ఒకే పార్టిషన్ చేస్తే చాలు: ఫార్మాట్ ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ ఒక్క స్లాష్ (/). స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) పార్టిషన్ అక్కర్లేదు, మింట్ తనే స్వాప్ ఫైలు చేసుకుంటుంది. ఒకే డిస్క్‌లో రెండూ ఉంటే, యూఈఎఫ్ఐ మెషీన్‌లో ఇప్పటికే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే వాడాలి, దాన్ని ఫార్మాట్ చేయకూడదు. లెగసీ మెషీన్‌లో కింద బూట్ లోడర్ అడిగే చోట పార్టిషన్ కాకుండా మొత్తం డిస్క్‌ను చూపించాలి. అంటే చివర అంకె లేని ఎస్‌డీఏ. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 కాదు.

సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను లేవనివ్వని కాపలా) ఆన్‌లో ఉండి, మల్టీమీడియా కోడెక్‌లకు టిక్ పెడితే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేశాక నీలిరంగు తెర వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కి, ఎన్రోల్ ఎంఓకే ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పది సెకన్లూ జారిపోతే బయటి సంస్థల డ్రైవర్లు లోడ్ కావు.

ఎస్‌ఎస్‌డీ మీద పావుగంటలో పనైపోతుంది. హార్డ్ డిస్క్ మీద ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు, మధ్యలో ఆపేయకండి.

లేచాక మెనూలో మింట్ పేరు, కింద విండోస్ కనిపిస్తాయి. బయోస్ జాబితాలో మాత్రం మింట్ బదులు ఉబుంటు అని ఉంటుంది. అది తప్పు కాదు, మింట్ ఆ పేరుతోనే నమోదవుతుంది. నేరుగా విండోస్‌కే వెళ్లిపోతుంటే బయోస్‌లో ఉబుంటును పైకి జరపండి. కొన్ని ఏసర్‌లలో ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్‌ను నమ్మదగినదిగా ఎంచుకోవాలి. అది చేయకపోతే బూట్ డివైస్ లేదనే అంటుంది.

పెద్ద విండోస్ అప్‌డేట్లు బూట్ వరుసను మార్చడం మామూలే. 2024 ఆగస్టులో అంతకంటే గట్టి దెబ్బ తగిలింది. ఆ నెల వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న చాలా డ్యుయల్ బూట్ (రెండు సిస్టమ్‌లున్న) మెషీన్లలో లినక్స్ 'సెక్యూరిటీ పాలసీ వయలేషన్' అంటూ ఆగిపోయింది. ఇలాంటప్పుడు సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, మింట్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ వేసి, మళ్లీ ఆన్ చేయాలి.

మొదటి రోజు చేయాల్సినవి

వైఫై రాకపోతే చాలాసార్లు అది బ్రాడ్‌కామ్ చిప్. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే ఇంటర్నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిచి బ్రాడ్‌కామ్ డ్రైవర్ వేయండి. ఎన్‌విడియా జీటీ 520ఎం లాంటి ఫెర్మీ తరం గ్రాఫిక్స్ ఉంటే ఎన్‌విడియా సొంత డ్రైవర్ కోసం వెతకొద్దు. వాటికి మద్దతు ఎప్పుడో ఆగిపోయింది, లినక్స్‌తోనే వచ్చే నూవో డ్రైవరే దిక్కు. ఆటలకు పనికిరాదు, మిగతా పనులకు చాలు.

గడియారం గొడవ మన దేశంలో అందరికీ ఒకే అంకెతో వస్తుంది: ఐదున్నర గంటలు. మింట్‌లో సాయంత్రం 6:00, విండోస్‌కు వెళ్తే మధ్యాహ్నం 12:30. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదవడం వల్ల ఇలా జరుగుతుంది. టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లోకల్ ఆర్‌టీసీ విలువను 1 చేస్తే మళ్లీ రాదు.

టైమ్‌షిఫ్ట్ మింట్‌తోనే వస్తుంది, సిస్టమ్‌కు స్నాప్‌షాట్లు (వెనక్కి వెళ్లడానికి పనికొచ్చే కాపీలు) తీస్తుంది. ఎంతో విలువైన సదుపాయం. కానీ 40 జీబీ పార్టిషన్‌లో రోజువారీ స్నాప్‌షాట్లు ఐదు, వారపువి మూడు ఉంచితే డిస్క్ నిండిపోయి, ఒక పొద్దున పాస్‌వర్డ్ కొట్టినా లాగిన్ తెరకే తిరిగి వస్తుంది. రెండు చాలు. వీలైతే వేరే డిస్క్‌లోని ఎక్స్‌ట్4 పార్టిషన్‌లోకి మళ్లించండి.

తెలుగు టైపింగ్ మింట్‌లో నిజంగా సంతోషం కలిగించే చోటు. మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిస్తే ఎడమవైపు భాషల జాబితా ఉంటుంది. జపనీస్, కొరియన్, థాయ్ లాంటి కొద్ది భాషల మధ్య తెలుగు పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కి కావలసినవి ఇన్‌స్టాల్ చేసి, ఐబస్ (టైపింగ్ పద్ధతులను నడిపే ప్రోగ్రామ్) ఎంచుకుని, లాగౌట్ అయి రావాలి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ పద్ధతులున్నాయి. పత్రికల్లో, డీటీపీలో యాపిల్ లేఅవుట్‌కు చేయి తిరిగినవారు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఉండదు. ఫాంట్లకు తెలుగువిజయం ప్యాకేజీ వేసుకుంటే సురవరం, మల్లన్న, రామభద్ర, ఎన్టీఆర్ ఒకేసారి వచ్చేస్తాయి. మింట్‌తో వచ్చే ఆఫీస్ ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్‌లో ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుంటాయి.

రోజువారీ వాడకం, విండోస్‌ను ఎందుకు ఉంచాలి

ఎస్‌ఎస్‌డీ మీద లేవడానికి అర నిమిషం లోపే. ఫైర్‌ఫాక్స్‌లో ఏడెనిమిది ట్యాబులు, ఒక లిబ్రేఆఫీస్ ఫైలు 4 జీబీలో నడుస్తాయి, ఆపైన స్వాప్ మొదలవుతుంది. యూట్యూబ్ దగ్గర ఫ్యాన్ గట్టిగా తిరిగితే కారణం వీడియోలను కుదించడానికి వాడే వీపీ9 పద్ధతి. మూడు, నాలుగు తరాల ఇంటెల్ గ్రాఫిక్స్‌కు హెచ్.264 అనే మరో పద్ధతిని విప్పడం వచ్చు, వీపీ9 రాదు, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్264ఐఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే తేడా ఫ్యాన్ శబ్దంలోనే తెలుస్తుంది.

ప్రింటర్ల దగ్గర నిరాశ తప్పదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పని చేస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ పంపాలి కాబట్టి హెచ్‌పీలిప్ ప్లగిన్ వేయడం తప్పనిసరి. ప్లగిన్ లేకుండా ప్రింటర్ కనిపిస్తుంది, కాగితం మాత్రం రాదు. మన జిరాక్స్ షాపుల్లో ఇంకా నడుస్తున్న కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం వేరే జాతి. దాని క్యాప్ట్ డ్రైవర్ లినక్స్‌లో వేయడం కష్టం, వేశాక నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. వారానికి పది కాగితాలు తీసేవారైనా ప్రింటింగ్‌కు విండోస్‌లోకే వెళ్లడం నయం.

డీటీపీవాళ్ల సంగతి ఇంకా గట్టిది. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ రెండూ విండోస్‌వే. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగల అక్షరాల పద్ధతి) కావు. ఆ పాత ఫైలులోని పాఠాన్ని మింట్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. పదిహేనేళ్ల పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఆ రూపంలో ఉన్నవారికి విండోస్ తీసేయడం అంటే తమ పనిని తామే అందకుండా చేసుకోవడం. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తుల దగ్గర తప్పులు తప్పవు, ప్రతి పేజీ చదివి దిద్దుకోవాలి. కొత్త పని మింట్‌లో యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాతదాన్ని విండోస్‌లో ఉంచుకోవడమే మా సలహా. ట్యాలీ కూడా విండోస్‌దే. ఆధార్ వేలిముద్రల పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్‌డీ సర్వీస్ ఎక్కువగా విండోస్‌లో లేదా ఆండ్రాయిడ్‌లో నడిచేదే. ఈ పనులున్న సెంటర్లు మింట్‌ను బ్రౌజింగ్‌కు, టైపింగ్‌కు పెట్టుకోవాలి. అప్‌డేట్లు ఆగిన విండోస్‌ను ఆ ఒకటి రెండు పనులకే తెరవాలి, బ్యాంకు లాగిన్‌లకు వాడకూడదు.

వద్దనుకుంటే తీసేసే పద్ధతి

విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్‌ను నేరుగా డిలీట్ చేస్తే, లెగసీ మెషీన్‌లో మర్నాడు కనిపించేది గ్రబ్ రెస్క్యూ అన్న ఒక్క వరుస. గ్రబ్ అనే మింట్ బూట్ లోడర్‌లో మొదటి ముక్క డిస్క్ మొదట్లో, మిగతాది మీరు తీసేసిన పార్టిషన్‌లో ఉండటమే దీనికి కారణం. ముందు విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్‌ను ఫిక్స్ఎంబీఆర్‌తో నడిపించి, విండోస్ నేరుగా లేస్తుందని చూసుకున్నాకే లినక్స్ పార్టిషన్ తీయాలి. యూఈఎఫ్ఐలో ఇంకా సులువు: బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి జరిపి, తర్వాత పార్టిషన్ తీసేయడమే. ఈఎఫ్ఐలో మిగిలిపోయే ఉబుంటు ఫోల్డర్ వల్ల హాని లేదు. ఎంబీఆర్ డిస్క్‌లో లాజికల్ పార్టిషన్ ఒక్కటే తీస్తే చాలదు, దాన్ని పట్టుకుని ఉన్న ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను కూడా తీసేయాలి. అప్పుడే సి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కడానికి వీలవుతుంది.